పట్టుపురుగులకు తగలని పొగ

కోలారు జిల్లాకు పోయి వచ్చానంటే మా కుప్పంలో ఎవరూ దాన్ని యాత్ర అనరు. రైల్లో కూర్చుని వక్కాకు వేసుకుంటే అది నమిలి ఉమ్మేలోపు బంగారుపేట వస్తుందని ఎగతాళి చేస్తారు. కాశీకి పోయి వచ్చినవాళ్ళు మూడు రోజులు ఊరంతా చెప్పుకుంటారు గానీ, పక్క జిల్లాలో మనుషులు ఎలా ఉన్నారో పోయి చూసి రాసేవాళ్ళు లేరు. అందుకని నేను రాస్తున్నాను. కోపంతో రాస్తున్నానని ముందే చెబుతున్నాను.

నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. బడిలో ఏడో తరగతి దాటలేదు. కానీ నా మిషను ఉండేది శాఖా గ్రంథాలయానికి ఎదురుగా. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నా కుర్చీ అక్కడే. ఆరోగ్యం పుస్తకాల అల్మరాలో నేను చదవనిది లేదు. పేపర్లో పరిశోధనల గురించి ఏది పడినా కత్తిరించి దాచుకుంటాను. లైబ్రేరియన్‌కు అనుమానం వస్తే నన్నే అడుగుతాడు. గొప్పకే చెబుతున్నాను ఈ మాట.

పోయిన నెల మా చెల్లెలి కూతురు రేణుక ఫోన్ చేసింది. తల్లి లేని పిల్ల, దానికి పుట్టిల్లంటే నేనే. మాస్తి దగ్గర ఒక పల్లెలో పట్టుపురుగులు మేపే ఇంటికి ఇచ్చాము. ఇప్పుడు ఏడో నెల. మాలూరులో స్కానింగు చేసిన డాక్టరమ్మ, బిడ్డ నెలకు తగ్గట్టు పెరగడం లేదని చెప్పి, ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని అడిగిందట. మా ఆయన తాగడు అని చెప్పి వచ్చేసిందట ఈ పిల్ల.

"మరి మీ మామ?" అన్నాను.

"మామ తాగితే నాకేం పెద్దమ్మా? ఆయన బీడీ ఆయన నోట్లో కదా ఉండేది."

నాకు ఒళ్ళు మండిపోయింది. రేణుక మీద కాదు. పక్కవాళ్ళు వదిలిన పొగ గర్భిణి రక్తంలోకి, అక్కడి నుంచి బిడ్డకు చేరుతుందని, అలాంటి ఇళ్ళలో బిడ్డలు బరువు తక్కువగా పుట్టే ప్రమాదం ఎక్కువని నేను ఎన్నోసార్లు చదివాను. కుప్పంలో బట్టలు కుట్టేదానికి తెలిసిన సంగతి, ఆ కడుపు మోసే పిల్లకు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. నా దగ్గరికి వచ్చెయ్యమన్నాను. పురుగుల పంట చేతిలో ఉంది, పట్టుగూళ్ళు దింపేదాకా కదల్లేనంది. వచ్చినా, బిడ్డను ఎత్తుకొని మళ్ళీ ఆ పొగలోకే కదా పోవాలి?

"మామ ఎవరి మాట వింటాడు?" అని అడిగాను.

"కేజీయఫ్‌లో పెద్దమామ ఉన్నాడు. ఆయన మాటంటే దేవుడి మాట."

అయితే ముందు ఆ దేవుడి దగ్గరికే పోదామని బయలుదేరాను.

బంగారుపేటలో జ్యూసు డబ్బా

బంగారుపేట స్టేషన్ బయట పానీపూరి తినకుండా పోకూడదంటారు. మా ఊళ్ళో పానీపూరి నీళ్ళు పచ్చగా ఉంటాయి. ఇక్కడ మంచినీళ్ళలా తేటగా ఉంటాయి. రంగు లేదు కదా అని ధైర్యంగా నోట్లో వేసుకున్నానో లేదో, కారం ముక్కుకెక్కి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. బండివాడు నవ్వి ఇంకొక పూరీ ఊరికే ఇచ్చాడు.

మెట్ల మీద పూలమ్మే ఆమె పక్కన కూర్చుని గొంతు సర్దుకుంటున్నాను. ఆమె బుట్ట పక్కన చిన్న అట్టపెట్టె ఒకటి పడి ఉంది. పండ్ల బొమ్మలు, మెరిసే రంగులు. పిల్లలకు కొనిచ్చే మామిడి రసం డబ్బాలాగే ఉంది.

"అమ్మా, మీ జ్యూసు కింద పడింది" అని తీసి ఇచ్చాను.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి పకపకా నవ్వింది. "జ్యూసా? యాడ నుంచి వచ్చినావు తల్లీ? బ్రాందీ అది! మా ఇంటాయన పొద్దున్నే ఈ జ్యూసు తాగేసి నా బుట్ట పక్కనే పండుకొనుండె. పోలీసాయన లేపితే ఇప్పుడే లేచిపోయినాడు."

"పొద్దున్నే కొట్టు తీస్తారా?"

"కొట్టెందుకమ్మా? చిల్లరంగడిలో సబ్బు అడిగినట్టు అడిగితే ఇస్తారు. నీకు కావాల్నా ఏమి?" అని మళ్ళీ నవ్వి, నవ్వు ఆపి, మల్లెపూలు మూర కొలవడంలో పడిపోయింది.

నేను ఆ పెట్టెను తిప్పి తిప్పి చూశాను. కర్ణాటకలో సారాయి నిషేధించారని చదివినప్పుడు మా లైబ్రరీలో నేను సంతోషపడ్డాను. సారాయి పోయిన చోటికి ఇది వచ్చింది. బీదవాడి జేబులో పట్టేంత చిన్నది, స్టేషన్ మెట్ల మీద కూర్చుని హోటల్ భోజనం కంటే చవగ్గా తాగేది. మా ఆంధ్ర ఏదో మేలని అనుకోకండి. మద్యం విధానం అని మా పేపర్లో పడినప్పుడల్లా ఆశగా చదువుతాను. ఎన్ని కొట్లు, ఎవరికి కొట్లు, లైసెన్సు ఎంత, ఖజానాకు ఎంత. తాగేవాడి కాలేయం గురించి, వాడి భార్య పూలబుట్ట గురించి ఒక్క వాక్యం ఉండదు. మద్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచంలోని నిపుణులు ఈమధ్య తేల్చి చెప్పారు. ఆ మాట చెప్పింది ఎవరికో, ఈ అట్టపెట్టె అమ్మింది ఎవరికో!

చాంపియన్ రీఫ్స్ లైన్లలో

బంగారుపేట నుంచి చిన్న రైలు పట్టుకొని కేజీయఫ్ పోయి, చాంపియన్ స్టేషన్‌లో దిగాను. బెంగుళూరులో పని చేసి వచ్చేవాళ్ళు కొందరు కిటికీకి తల ఆనించి నిద్రపోతూనే ఉన్నారు. దిగగానే ఆకాశంలో మూతపడిన బంగారు గని ఇనుప చట్రం, దాని మీద తిరగని చక్రం. దాని వెనుక బంగారం తీసేసి పోసిన సైనైడు మట్టి గుట్టలు, గడ్డి మొలవని బూడిద రంగు. గాలి వస్తే ఆ మట్టి ఇళ్ళ మీదికి లేస్తుంది. బంగారం ఎత్తుకుపోయినవాళ్ళు మట్టి మాత్రం వదిలేసి పోయారు.

రేణుక పెద్దమామ నారాయణప్ప ఇల్లు గని పనివాళ్ళ కోసం కట్టిన వరస ఇళ్ళలో ఉంది. ఆ వరసల్నే లైన్లంటారు. ఆయన తాతలు చిత్తూరు పల్లెల నుంచి గనికి వచ్చారు. ఆయన గనిలో దిగి తమ్ముడు మునివెంకటప్పను పెంచి పెద్ద చేశాడు. ఆ తమ్ముడు మాస్తి దగ్గర పిల్లను చేసుకుని ఇల్లరికం పోయి పట్టుపురుగులు మేపడం పట్టాడు. రేణుక మామ ఆయనే.

నారాయణప్ప వాకిట్లో కుర్చీ వేసుకుని రెండు చేతులూ మోకాళ్ళ మీద మోపి, ముందుకు వంగి కూర్చున్నాడు. ఊపిరి అందనివాళ్ళు అలా కూర్చుంటారు. ఒక మాట, ఒక ఊపిరి. ఆయన భార్య రాజమ్మ నాకు కాఫీ ఇచ్చి పక్కనే నిలబడింది.

వచ్చిన పని చెప్పాను. "అన్నా, మీ తమ్ముడికి ఒక్క మాట చెప్పండి. ఇంట్లో బీడీ ముట్టించొద్దని. మీరు చెబితే వింటాడు. మీ ఛాతీ కంటే సాక్ష్యం ఏం కావాలి?"

రాజమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. అప్పటికే ఆలస్యమైంది.

"ఏం సాక్ష్యమమ్మా?" అన్నాడాయన. "రాయి దుమ్ము తిన్న ఎద ఇది. డ్రిల్లు పట్టినవాణ్ణి నేను. దుమ్ములో నా చెయ్యి నాకు కనబడదు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "దగ్గు పట్టినాక ఒక డాక్టరు కాడికి పోతిని. ఎక్స్‌రే ఫోటో చూసినాడు. బీడీ తాగుతావా అన్నాడు. అవున్ సార్ అన్నాను. అయితే బీడీదే అన్నాడు. అంతే. దుమ్ము మాటే లేదు. దుమ్ముకని గనోళ్ళ నుంచి రావాల్సిన పరిహారం రాలేదు. ఇంగ నేను ఈ నోటితో బీడీ చెడ్డదంటే, ఆ మనిషి చెప్పింది నిజమని నేనే ఒప్పుకున్నట్టు గదా?"

నేను ఊరుకుంటానా? చదివింది ఒలకబోశాను. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్ని ఎలా గట్టిపరుస్తుందో, దాని మీద పొగ కూడా చేరితే హాని ఎలా పెరుగుతుందో చెప్పాను. "రెండూ కలిసి చేసినాయన్నా" అన్నాను.

"రెండూ అని నువ్వు చదివినావు. వాళ్ళు ఒకటే చదివినారు."

మనిషి అలవాటును చూపించి మనిషికి చేసిన అన్యాయాన్ని మాపేస్తారని ఏ అల్మరాలోనూ నాకు దొరకలేదు. డాక్టరు అడిగిన ప్రశ్న ఒకటే. రేణుకను అడిగిందీ అదే, ఈయన్ని అడిగిందీ అదే. అక్కడ బిడ్డను కాపాడడానికి అడిగింది, ఇక్కడ ఎవరినో కాపాడడానికి అడిగినట్టుంది.

రాజమ్మ రాగిముద్ద, ఉప్పుసారు అనే పల్చటి చారు పెట్టింది. మా సంగటిలో బియ్యం నూక కలుపుతాము. ఇక్కడ ఉత్త రాగిపిండే, ఉండ గట్టిగా ఉంటుంది, నమలకుండా మింగాలి. నేను నమిలితే ఆమె ముఖం తిప్పుకుని నవ్వింది. తింటూ నారాయణప్ప కాస్త మెత్తబడ్డాడు. షిఫ్టు ముగించి పైకి రాగానే అందరూ ఒక గ్లాసు సారాయి వేసుకునేవాళ్ళట. గొంతులో దుమ్ము కడుక్కుపోతుందని.

"కడిగిందా అన్నా?"

"దుమ్ముండేది ఊపిరిలో. సారాయి పోయేది కడుపులోకి. ఆ మాట చెప్పినోడు ఒకడూ లేడమ్మా. మా మేస్త్రీ కూడా తాగుతాండె."

"గని లోపల బీడీ కాల్చేవాళ్ళా?"

ఆయన కళ్ళు పెద్దవి చేశాడు. "పిచ్చా నీకు? రాయి పేల్చే మందుపెట్టెలుంటాయి. ఆ పక్క అగ్గిపుల్ల గీస్తే అందరం పోతాం. మా జాగాలో షిఫ్టంతా ఒక్కడు ముట్టించలా."

"ఎలా ఉండగలిగారు?"

"ఉండాల్సొచ్చె. ఉంటిమి." అందులో ఆయనకు గర్వమే ఉంది.

మరునాడు పొద్దున్నే బయలుదేరేటప్పుడు రాజమ్మ రేణుకకని రవ్వ ఉండలు కట్టి ఇచ్చింది. నారాయణప్ప మాత్రం, "నా పేరు చెప్పొద్దమ్మా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఎవరి మీద రావాలో వాళ్ళు అక్కడ లేరు.

మాలూరు బస్సులో రెండు పొట్లాలు

మాలూరు దాకా రైలు, అక్కడి నుంచి మాస్తి బస్సు. కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడ్డాను. ముందు సీటాయన బయటికి ఉమ్మాడు. గాలికి అది తిరిగి నా చీర కుచ్చెళ్ళ మీదికి వచ్చింది. నేను కుట్టుకున్న జాకెట్టు, దానికి తగ్గ చీర.

"అయ్యో అక్కా, చూళ్ళేదు!" అని అతను తన తుండు తీసి తుడవబోయాడు. ఆ తుండు చూస్తే చీరే నయం.

"గుట్కా నిషేధం కదప్పా? యాడ దొరికింది నీకు?" అన్నాను.

అతను హాయిగా నవ్వి జేబులో నుంచి రెండు పొట్లాలు తీసి చూపించాడు. ఒకటి వక్కపొడి, ఒకటి పొగాకు. "గుట్కా యాడుండాది? ఇది వేరే, ఇది వేరే. కలిపితే కదా గుట్కా." అరచేతిలో కలిపి చూపించాడు. "కలిపేది నేను, అమ్మినోడు కాదు. చట్టం చట్టమే, మనం మనమే."

బస్సులో నలుగురు నవ్వారు. పొగాకు కొనాలంటే ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలని కర్ణాటకలో ఈమధ్య చట్టం మార్చారు. బహిరంగ స్థలంలో పొగ తాగకూడదని ఎప్పటి నుంచో ఉంది. చట్టం రాసినవాళ్ళు చదువుకున్నవాళ్ళే. ఒక పొట్లాన్ని రెండు చేసినవాళ్ళు వాళ్ళకంటే ఎక్కువ చదువుకున్నారు.

పురుగుల ఇల్లు

రేణుక వాకిట్లోకి ఎదురొచ్చింది. మనిషి చిక్కిపోయింది. కడుపు ఏడో నెలలా లేదు. నేను ఏమీ అనకుండా రవ్వ ఉండలు చేతిలో పెట్టాను.

మామ మునివెంకటప్ప చెడ్డవాడు కాదు. ఇది రాయకపోతే అన్యాయం. భార్య పోయి చాలా కాలమైంది, కోడలిని గట్టిగా ఒక మాట అనడు. నన్ను చూడగానే "రా అక్కా, ముందు మన పురుగుల్ని చూద్దువు" అని పెరట్లోకి తీసుకుపోయాడు. పెరటికి అవతలి పక్క విడిగా కట్టిన ఇల్లు, కిటికీలకు వల.

గుమ్మం దగ్గరే ఆపేశాడు. గడపకు అడ్డంగా సున్నం, బ్లీచింగు పొడి కలిపి గీసిన తెల్ల గీత. పక్కన నీళ్ళ బకెట్టు, చెంబు, గోడకు ఒక మేకు. "చెప్పులు ఈడనే. చేతులు కడుగు, కాళ్ళు కడుగు. వక్కాకు నమిల్నావా? అయితే నోరు పుక్కిలించు." తను చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. బీడీకట్ట చొక్కా జేబులోనే ఉండిపోయింది. నోరు కడిగాడు, చేతులు సబ్బుతో మోచేతుల దాకా రుద్దాడు. అప్పుడు గానీ గీత దాటలేదు.

లోపల అరల మీద పురుగులు మల్బరీ ఆకు తింటున్నాయి. పట్టు గుడ్డ మీద కత్తెర నడిచినట్టు సన్నని చప్పుడు. పురుగు కుబుసం విడవడాన్ని ఇక్కడ జ్వరం అంటారు. ఇవి నాలుగో జ్వరం దాటాయి, ఇంకొన్నాళ్ళలో గూడు కడతాయి.

"చొక్కా ఎందుకన్నా విప్పినారు?" తెలిసే అడిగాను.

"చొక్కాకు బీడీ వాసనుంటాది గదా. పొగాకు పట్టిన చేత్తో ఆకేస్తే చాలక్కా, తల ఎత్తి పచ్చగా కక్కి చచ్చిపోతాయి. మల్బరీ తోట పక్కన పొగాకు పైరే వెయ్యనియ్యం. సున్నితమైన జీవాలు!" ఒక పురుగును వేలి మీదికి ఎక్కించుకుని చంటిబిడ్డను చూసినట్టు చూశాడు.

ఇంట్లోకి వచ్చాక నడిల్లు చీకటిగా ఉంది. పెరటి వైపు రెండు పెద్ద కిటికీలు, రెండూ మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి. గోడల్లో, పరుపుల్లో బీడీ కంపు. ఆ నడిల్లు దాటితేనే వంటిల్లు.

"ఈ కిటికీలెందుకే మూసినారు?" అని రేణుకను అడిగాను.

"పొగ పెరట్లోకి పోయి పురుగులకు తగల్తాదని మామ మూసేసినాడు పెద్దమ్మా. బయట తాగితే గాలికి అటే పోతాది. అందుకే అందరూ లోపలే కూర్చుంటారు."

నేను ఆ గుడ్డల్ని చూస్తూ నిలబడిపోయాను. పురుగు చావకూడదని పొగను ఇంట్లో పెట్టి తలుపులేసుకున్నారు. ఆ ఇంట్లోనే కడుపుతో ఉన్న పిల్ల పొద్దూ మాపూ వంట చేస్తోంది. ఎవరూ పగబట్టి చేసింది కాదు. ఎవరికీ తట్టలేదు, అంతే.

రేణుక భర్త మంజునాథ్ ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి వచ్చాడు. అతన్ని పక్కకు పిలిచి అడిగితే, "నాయనకు నేనెట్ల చెప్పేది అత్తా?" అని చెప్పుల వైపు చూశాడు.

నడింట్లో సాయంత్రం

దీపాలు పెట్టే వేళకు పక్కింటి గోపాలప్ప వచ్చాడు. ఇద్దరూ గోడకు ఆనుకుని బీడీలు ముట్టించారు. గోపాలప్ప పంచె మడతలో నుంచి నేను బంగారుపేటలో చూసిన అట్టపెట్టె తీశాడు. రేణుక వంటింట్లో నుంచి రెండు గ్లాసులు తెచ్చి పెట్టి దగ్గుకుంటూ వెనక్కి పోయింది.

నేను మొదలుపెట్టాను. రక్తం, ప్రాణవాయువు, బిడ్డ బరువు, నేను చదివిందంతా చెప్పాను. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. ఇద్దరూ చాలా మర్యాదగా విన్నారు.

"అక్క బాగా చదివినాదప్పా" అన్నాడు గోపాలప్ప. "మా ఊరి బడికి నిన్ను పంపిస్తే అయ్యోర్లంతా రిటైరైపోతారు."

"అన్నా, నేను నవ్వడానికి చెప్పలేదు."

మునివెంకటప్ప బీడీ బూడిద కింద రాల్చాడు. "అక్కా, మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకోని తనే బీడీ తాగినాది. నేను బాగా లేనా? మా అన్నను చూసొచ్చినావంట కదా. ఆయన ఏమన్నాడు?"

అబద్ధం చెప్పొచ్చు. ఒక్క మాటతో పని అయిపోయేది. కానీ ఆ ముసలాయన ఊపిరి నా చెవుల్లో ఉంది. "మీతో ఏమీ చెప్పనన్నాడు" అన్నాను.

"చూసినావా! ఆయనకే లేని బాధ నీకెందుకక్కా?"

"పురుగుల దగ్గర చొక్కా విప్పుతావు కదన్నా. ఈ పిల్ల ఉండే ఇంటికి ఆ జాగ్రత్త ఎందుకు లేదు?"

గోపాలప్ప అందుకున్నాడు. "అవి పురుగులక్కా! మనిషి గట్టిది. మనిషికి అలవాటైపోతాది."

ఇద్దరూ నవ్వారు. నేను లేచి వంటింట్లోకి పోయాను. రేణుక పొయ్యి ముందు ముద్ద కెలుకుతోంది. "పద, రేపు నాతో కుప్పం వచ్చెయ్" అన్నాను. "పురుగులు వాళ్ళే మేపుకుంటారు."

"నేను పోతే ఈ ఇల్లు ఇట్లనే ఉంటాది పెద్దమ్మా" అంది. "బిడ్డ పుట్టినాక కూడా." అంతసేపూ గోడ అవతల నుంచి అంతా విన్నదని నాకు అప్పుడు తెలిసింది.

ఇంకొక గడప

తెల్లవారి లేచేసరికి వాకిలి నుంచి నీళ్ళ చప్పుడు. రేణుక అప్పటికే చిమ్మి నీళ్ళు చల్లి, ముగ్గు గిన్నె పక్కన పెట్టేసి, పురుగుల ఇంటి నుంచి సున్నం డబ్బా తెచ్చుకుంది. వీధి గుమ్మానికి అడ్డంగా వేలెడు మందాన ఒకటే గీత గీసింది. పెరటి గుమ్మానికి ఇంకొకటి. రెండు చోట్లా బకెట్టు, చెంబు, సబ్బుముక్క. గోడకు మేకు కొడుతుంటే నేను పోయి సుత్తి తీసుకుని కొట్టాను.

మునివెంకటప్ప తోట నుంచి మల్బరీ మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మోపు పురుగుల ఇంటి దగ్గర దింపి, అలసట తీరడానికి బీడీ ముట్టించి పెరటి గుమ్మం దాకా వచ్చాడు. కుడికాలు ఎత్తాడు. గీత చూశాడు. ఎత్తిన కాలు అలాగే వెనక్కి పెట్టేశాడు. ఎవరూ ఏమీ అనకముందే. ఎన్ని పంటల అలవాటో అది, తల కంటే ముందు కాలికి తెలిసిపోయింది.

"ఇదేందమ్మా?"

"ఆ ఇంటికి ఏ రూలో ఈ ఇంటికీ అదే మామా" అంది రేణుక.

వెనకే వచ్చిన గోపాలప్ప, "ఏమప్పా, ఇంట్లో ఎన్నో జ్వరం నడస్తావుండాది?" అని నవ్వాడు. మునివెంకటప్ప నవ్వలేదు.

"డాక్టరమ్మ తూకం చాల్లేదనింది" అంది రేణుక. "గూళ్ళు తూకం తగ్గితే తప్పు యాడ జరిగిందని ఇల్లంతా వెతుకుతావు గదా మామా. దీనికి ఎవరూ వెతకలేదు."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు నేర్పినావా అక్కా?"

"లేదన్నా. నాకు తెలిసిందంతా రాత్రే నవ్వేసినారు కదా."

బీడీ చేతిలోనే కాలుతోంది. తర్వాత దాన్ని నేలకేసి నలిపి, వంగి చెంబు ముంచాడు. నోరు పుక్కిలించాడు. మోచేతుల దాకా రుద్దాడు. చొక్కా విప్పి కొత్త మేకుకు తగిలించి, గీత దాటి లోపలికి వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేకుండా తన ఇంట్లోనే పరాయివాడిలా బల్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి, పెరటి కిటికీ సందుల్లో గుడ్డలు ఒక్కొక్కటీ పీకి, రెక్కలు తోశాడు. బిగుసుకుపోయిన రెక్కలు, రెండు గుద్దులు గుద్దితే గానీ తెరుచుకోలేదు.

గోపాలప్ప గీత అవతలే నిలబడి, "నేను మళ్ళొస్తాలేప్పా" అని వెళ్ళిపోయాడు.

కుప్పం వచ్చాక

నేను ఇంకొక పూట ఉండి వచ్చేశాను. ఆ గీతను చూసి సంతోషించాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు. బస్టాండులో, రైల్లో, ఆఫీసులో పొగ తాగొద్దని రాసిన చట్టం ఇంటి గడప దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఆ గడప లోపల ఉండేది ఎవరు? ఆడవాళ్ళు, కడుపులో బిడ్డలు. ఇంత పరిశోధన చేసి, ఇన్ని హెచ్చరిక బొమ్మలు సిగరెట్ పెట్టెల మీద అచ్చువేసి, చివరికి ఏడో నెల పిల్ల తెల్లవారకముందే లేచి వంగి సున్నం గీసుకోవాల్సి వచ్చింది. అది కూడా పురుగుల దగ్గర అరువు తెచ్చుకుని.

మొన్న రేణుక ఫోన్ చేసింది. గూళ్ళు దింపారట. బిడ్డ తూకం వచ్చే వారం మళ్ళీ స్కానింగులో చూస్తారు. నేను మాలూరు పోయి పక్కనే ఉంటాను. మధ్యలో ఒకరోజు పెద్ద వాన పడి గీతలు రెండూ కొట్టుకుపోయాయట. రేణుక నిద్ర లేచి చూసేసరికి మామే డబ్బా పట్టుకుని మళ్ళీ గీస్తున్నాడట. మనలాగా వేలితో కాదు, చేత్తో, పురుగుల ఇంటికి గీసేంత మందాన.

"బీడీ మానేశాడా?" అని అడిగాను.

"యాడ మానేస్తాడు పెద్దమ్మా? ఈ ఇంటికీ గాలి తగలకూడదు, ఆ ఇంటికీ తగలకూడదని పొలం గట్టు చివరి దాకా నడుచుకుంటూ పోతాడు."

ఆ గట్టు చివర ఏముందో నేను చూశాను. అక్కడే చిల్లరంగడి ఉంది. ముందు బీడీకట్టలు దండల్లా వేలాడుతుంటాయి, బల్ల కింద పండ్ల బొమ్మల అట్టపెట్టెలు. దాని గుమ్మం ముందు ఏ గీతా లేదు.